గడుగ్గాయి ఎటు పోయింది?

ఆఫీసులో ఆమెను పేరమ్మ అంటారు. అసలు పేరు హాజరుపట్టీకి తెలుసు.

పెళ్లిళ్ల పేరయ్య చేసే పనే చేస్తుంది గనక పేరమ్మ. ఆకాశంలోకి పంపిన టెలిస్కోప్ ఒకటి ఏళ్ల తరబడి తన చుట్టూ తాను నెమ్మదిగా తిరుగుతూ నక్షత్రాలను చూసింది. అందమైన బొమ్మలు తీయడం దాని పని కాదు. ఒక్కో నక్షత్రం తన కంటి ముందు నుంచి దాటిపోయిన క్షణాన్ని గుర్తుపెట్టుకోవడమే పని. దాటిన క్షణం తెలిస్తే అది ఎక్కడుందో తెలుస్తుంది. కొన్ని నెలల తర్వాత అదే నక్షత్రం మళ్లీ దాటుతుంది. అప్పటికి అది వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. వెంట్రుకవాసి అన్నది మాట వరసకు. చంద్రుడి మీద ఒక నాణెం పెట్టి, దాని వెడల్పును ఇక్కడి నుంచి చూస్తే ఎంతో, అంత.

మొదట దాటినదీ తర్వాత దాటినదీ ఒకటే నక్షత్రం అని ఎవరో ఒకరు చెప్పాలి. చాలావరకు యంత్రమే చెప్పేస్తుంది. చెప్పలేనివి మిగులుతాయి. ఎవరికీ చెందని ఒక్కొక్క దాటు. వాటిని ఆ గదిలో ఒంటివి అంటారు. ఒంటివాటి బుట్ట పేరమ్మది. వెలుగు కలిసిందా, రంగు కలిసిందా, చూసి ఒకదాని పక్కన ఒకటి పెడుతుంది. నచ్చకపోతే తీసేస్తుంది. మళ్లీ పెడుతుంది. తొందర లేదు.

పక్క బల్ల ఆయన పేరు సందేహం. ప్రతి కొలతలోనూ ఎంత తప్పు ఉండొచ్చో లెక్కకట్టడం ఆయన ఉద్యోగం. ఇంట్లో కూర రుచి గురించి అడిగినా "బాగానే ఉండొచ్చు" అంటాడని ఆయన భార్య చెబుతుంది.

"నువ్వు చేసేవి పెళ్లిళ్లు కావు పేరమ్మా. పెళ్లికూతుర్ని తీసుకెళ్లి ఆ పెళ్లికూతురికే ఇచ్చి చేస్తావు" అంటాడు సందేహం.

"కట్నాల గొడవ ఉండదు" అంటుంది ఆమె, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఆ గదిలో మరో రెండు మాటలున్నాయి. ఊగు, నడక. బొటనవేలు ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూస్తే వేలు పక్కకు గెంతుతుంది. వేలు కదల్లేదు, కన్ను మారింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు కూడా ఏడాది పొడవునా అలా అటూ ఇటూ ఊగినట్టు కనిపిస్తాయి. దగ్గరివి ఎక్కువ, దూరపువి తక్కువ. అది ఊగు. దాన్ని బట్టి దూరం కట్టవచ్చు. ఊగును తీసేస్తే మిగిలేది నడక. ఊగు మనది, నడక దానిది. కొత్తగా చేరిన వాళ్లకు ఆమె చెప్పే పాఠం ఇంతే.

పేరమ్మ పొట్టి మనిషి. యంత్రాల కోసం చల్లగా ఉంచే గది కాబట్టి ఎండాకాలంలో కూడా ఉన్ని చొక్కా వేసుకుని వస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దూరంగా ఉన్న దీపస్తంభాన్ని ఒక కన్ను మూసి చూస్తుంది, మరో కన్ను మూసి చూస్తుంది. అలవాటు. ఒకసారి ఎదురు సీటాయన తనకే కన్ను కొట్టిందనుకుని, ఎర్రబడిపోయి, తన స్టాపు రాకుండానే దిగిపోయాడు.

*

ఆమె అత్తగారు, అత్తగారు కాకముందు, ఆమెకు మేడమ్.

టెలిస్కోపులు ఇంకా నేల మీదే ఉన్న రోజుల్లో ఆకాశాన్ని గాజు పలకల మీదికి ఎక్కించేవారు. గాజుకు ఒక పక్క మందు పొర ఉంటుంది. నక్షత్రాలు ఆ పొర మీద నల్ల చుక్కలుగా పడతాయి. ఒకే చోటును చాలా ఏళ్ల ఎడంతో రెండుసార్లు తీసి, ఆ రెండు పలకలనూ రెప్పలపెట్టెలో పెడతారు. అది ఒకే కంటిగాజులోంచి ఒక్కసారి ఈ పలకను, ఒక్కసారి ఆ పలకను చూపిస్తుంది. టప్, టప్. అన్ని చుక్కలూ కుదురుగా ఉంటాయి. నడిచినది మాత్రం గెంతుతుంది.

ఆ పెట్టె దగ్గర మేడమ్ జీవితమంతా కూర్చుంది. పలకల గది మూతపడబోయే కాలంలో పేరమ్మ అక్కడ చేరింది. మొదటి రోజే పలకను తిరగేసి పెట్టింది.

"పొర పైకి" అంది మేడమ్. "పొర పైకుంటే కుడి చెయ్యి తూర్పు. తిరగేస్తే కుడి చెయ్యి పడమర. తూర్పేదో పడమరేదో తెలియనివాళ్లు ఆకాశం జోలికి ఎందుకమ్మా, చక్కగా బస్సులు నడుపుకోక?"

"బస్సుకి కూడా దిక్కులు తెలియాలి కదా మేడమ్" అంది పేరమ్మ.

మేడమ్ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. ఆ రోజు నుంచి ఇష్టం మొదలైంది. బయటికి మాత్రం తిట్లే వచ్చాయి.

మేడమ్ కొడుకుది కళ్లద్దాల కొట్టు. రెప్పలపెట్టె కంటిగాజుకు గీత పడితే అరగదీసి ఇవ్వడానికి వచ్చాడు. గీత పోయింది. అతను మాత్రం వస్తూనే ఉన్నాడు.

"గాజు బాగయింది కదరా, ఇంకెందుకొస్తున్నావు?" అని అడిగింది తల్లి.

"ఈ గదిలో దుమ్మెక్కువమ్మా. మళ్లీ గీతలు పడతాయి."

"దుమ్ము కుర్చీలో కూర్చుని పలకలు తుడుస్తోంది. కనిపిస్తూనే ఉంది."

అలా మేడమ్ అత్తయ్య అయింది. పేరమ్మ నోటికి ఆ మాట అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ ఏ గ్లాసో చేజారితే "మేడమ్" అనేస్తుంది.

ఆ ఇల్లు చిన్నది. రెండు గదులు, వంటగది, వీధి వైపు ఒక కిటికీ. ఆ కిటికీ దగ్గరి కుర్చీ పెద్దావిడది. సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆ కుర్చీలోంచి ప్రశ్న వస్తుంది.

"గడుగ్గాయి దొరికిందా?"

"ఇంకా లేదత్తయ్యా."

"దొరుకుతుంది. కాళ్లు కడుక్కో."

గడుగ్గాయి ఒక నక్షత్రం. పెద్దావిడ వయసులో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం, రెప్పలపెట్టెలో గెంతింది. అంత దూరం గెంతిన చుక్కను ఆమె అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. సిరాతో దాని చుట్టూ సున్నా చుట్టింది. చోటు, వేగం రాసి, దిశ తూర్పు అని నక్షత్రాల జాబితాకు పంపింది. తర్వాత వేరే వాళ్లు వేరే టెలిస్కోపులతో వెతికారు. ఆ పాటికి అది ఉండాల్సిన చోట ఏమీ లేదు. జాబితాలో దాని పక్కన ప్రశ్న గుర్తు పడింది. మరోసారి అచ్చయినప్పుడు "కనబడలేదు" అని పడింది. పలకకు అంటిన మరకను చూసి భ్రమపడిందని కొందరు అన్నారు. ముఖం మీద ఎవరూ అనలేదు. అందుకే ఆమెకు జవాబు చెప్పే అవకాశం రాలేదు.

"మరక గెంతుతుందా?" అని ఇప్పటికీ కిటికీతో అంటుంది.

ఆకాశంలోని టెలిస్కోప్‌లో, దాన్ని సరిగ్గా తిప్పుతూ ఉంచే గ్యాసు అయిపోయింది. దాన్ని ఆపేశారు. అది చూసినదంతా కలిపి ఆఖరి జాబితా తయారవుతోంది. త్వరలో దానికి ముద్ర పడుతుంది. ముద్ర పడ్డాక ఎవరూ ఏదీ మార్చరు. కొత్త జాబితాలో ఒక్కో నక్షత్రం కింద, దాన్ని ఇదివరకు కొలిచినవాళ్ల పేరు మీద పాత జాబితాల్లో ఉన్న నంబర్లు ఉంటాయి. ఏ నక్షత్రంతోనూ కలవని పాత నంబర్లను కొట్టేస్తారు. ఆకాశమంతా చూసిన టెలిస్కోపుకు కనబడలేదంటే అది లేదనే అర్థం.

ఈ సంగతి పేరమ్మే ఇంట్లో చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది అనుకుంది తర్వాత.

"అంటే నేను చూసింది లేదంటారు" అంది పెద్దావిడ.

"అలా కాదత్తయ్యా..."

"ఇంకెలా? నా కళ్ల ముందు గెంతిందే. టప్ అంటే ఇక్కడ, టప్ అంటే అక్కడ. ఒక్కసారి కాదు, కళ్లు నొప్పి పుట్టేదాకా చూశాను. ఉన్నదాన్ని లేదని ముద్ర వేస్తారా?"

ఆ రోజు ఆమె అన్నం సగంలో లేచింది. మర్నాటి నుంచి పేరమ్మ భోజనం తొందరగా ముగించి, మిగిలిన విరామమంతా గడుగ్గాయిని వెతకడం మొదలుపెట్టింది. సున్నా చుట్టిన చోటు నుంచి తూర్పుగా. వేగం కొంచెం అటూ ఇటూ అయి ఉండొచ్చని ఇంకా తూర్పుగా. అక్కడ ఉన్నవన్నీ వాటి ఇళ్లలో అవి కుదురుగా ఉన్నాయి.

*

దొరకడం మాత్రం మామూలు పనిలోనే దొరికింది.

బాగా మెరిసే ఒక నక్షత్రం పక్కన కొన్ని ఒంటివి మిగిలాయి. పెద్ద నక్షత్రం వెలుగు చుట్టుపక్కల చిందుతుంది. అందుకని యంత్రం ఆ ప్రాంతంలో దేన్నీ త్వరగా నమ్మదు. మసక చుక్కలు, ఎర్రనివి. పేరమ్మ ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. కుదిరింది. మూడోది పెట్టింది. అదీ కుదిరింది. యంత్రం వేరు వేరు నక్షత్రాలనుకున్నవన్నీ ఒకటే నక్షత్రం. అది అంత వేగంగా పోతోంది గనక, దాటిన ప్రతిసారీ యంత్రానికి కొత్త ముఖంలా కనిపించింది.

ఇలా జత కుదిరాక ఒక తంతు ఉంది. ఆ నక్షత్రాన్ని వెనక్కి నడిపించాలి. పదేళ్ల కింద ఎక్కడుంది, నలభై ఏళ్ల కింద ఎక్కడుంది, ఆ దారిలో పాత నంబరు ఏదైనా తగులుతుందా అని చూడాలి. పేరమ్మ నడిపించింది. అది వెనక్కి, వెనక్కి పోయి ఒక చోట ఆగింది. యంత్రం అక్కడ ఒక పాత నంబరు చూపించి, పక్కనే రాసింది: చోటు కలిసింది, వేగం కలిసింది, దిశ వ్యతిరేకం, కనుక ఇది కాదు.

ఆ నంబరు ఆమెకు నోటికి వచ్చు.

ఉన్ని చొక్కా చేతులు కిందికి లాక్కుంది.

"ఏమైంది? ముఖం అలా ఉంది" అన్నాడు సందేహం.

"గడుగ్గాయి దొరికింది."

"మంచిదే కదా!"

"పడమటికి పోయింది."

సందేహం తన కుర్చీని ఆమె బల్ల దాకా జరుపుకుని వచ్చాడు. తెర చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి, ఆయన జన్మలో అరుదుగా అనే మాట అన్నాడు. "సందేహం లేదు."

గది పెద్దను అందరూ పెద్దాయన అంటారు. ఆయన విని గడ్డం గోక్కున్నాడు. "దిశ ఒక్కటే తిరగబడింది. పలక తిరగేసి పెట్టినట్టున్నారు. జరిగేదే. నంబరు నిలబెట్టొచ్చు. కానీ కొలిచిన మనిషి బతికుంటే, సవరించే ముందు వాళ్లతో ఒక మాట అనాలని మన నియమం. ఆవిడ ఎక్కడుంటున్నారిప్పుడు?"

"మా ఇంట్లో" అంది పేరమ్మ.

"ఓ" అన్నాడు పెద్దాయన. ఆయనా ఒకప్పుడు మేడమ్ దగ్గర పలకలు మోసినవాడే. "అయితే నువ్వే అడుగమ్మా. నాకు కొంచెం పనుంది."

*

ఆమె నేరుగా ఇంటికి పోలేదు. భర్త కొట్టుకు పోయింది. అతను ఒక కళ్లద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తున్నాడు. విన్నాక దాన్ని కింద పెట్టాడు.

"అమ్మకి చెప్పకు. ఊరికే కలిపేయ్. దొరికిందని మాత్రం చెప్పు. సంతోషపడుతుంది."

"ఎటు పోయిందని అడగదా?"

"తూర్పుకి అను."

"ఆవిడ చేతి కింద నేర్చుకున్నదాన్నండీ. ఆవిడ నక్షత్రం గురించి ఆవిడకే అబద్ధం చెప్పనా?"

"నేను రోజూ చెబుతాను కదా, కూర బాగుందని."

"ఎవరి కూర?"

అతను మాట మార్చాడు. "సరే, కలపకుండా వదిలేస్తే?"

"అప్పుడు నక్షత్రం ఉంటుంది. కొత్తగా దొరికినట్టు నా పేరు మీద ఉంటుంది. అత్తయ్య నంబరు కొట్టేస్తారు. ఆవిడ చూసిందే నిజం. అయినా అది లేదన్నట్టవుతుంది."

అతను కొట్టు తలుపు దించాడు. ఇద్దరూ నడిచి ఇంటికి వెళ్లారు.

పెద్దావిడ వంటగదిలో బఠాణీలు ఒలుస్తోంది.

"అత్తయ్యా, గడుగ్గాయి దొరికింది."

చేతులు ఆగాయి. ఒక బఠాణీ దొర్లుకుంటూ పొయ్యి కిందికి పోయింది.

"ఎక్కడ?"

"మీరు సున్నా చుట్టిన చోటు నుంచే బయల్దేరింది. మీరు చెప్పినంత వేగమే."

"చెప్పలేదూ! ఒరేయ్, విన్నావా?"

"విన్నానమ్మా" అని అవతలి గదిలోంచి వచ్చింది.

"నీ గొంతేంట్రా అలా ఉంది? మరకట మరక! మరక ఇన్నేళ్లు నడుస్తుందా? ఇంతకీ ఎందుకు దొరకలేదట మీ మహానుభావులకి?"

"మేడమ్..." అంది కోడలు.

ఆ మాట వినగానే పెద్దావిడ ముఖం మారింది. "ఏం పగలగొట్టావు?"

"ఏమీ పగలగొట్టలేదు. అది పడమటికి పోయింది."

పెద్దావిడ గిన్నె పక్కకు జరిపింది. "అయితే అది నాది కాదు. నాది తూర్పుకి పోయింది."

"చోటు అదేనత్తయ్యా. వేగమూ అదే. అంత వేగంగా పోయేది ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు."

"దిశ అదేనా?"

"కాదు."

"పలక తిరగేశానంటావు. నేను."

కోడలు పొయ్యి కిందికి వంగి ఆ బఠాణీ తీసింది.

"ఎవరి పిల్లనో తెచ్చి నా ఒళ్లో పెట్టకు. కొట్టేస్తే కొట్టేయమను నంబరు" అంది పెద్దావిడ. మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. తొక్కలు గిన్నెలోకీ, గింజలు చెత్తలోకీ పోతున్నాయి. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఎడమొహం పెడమొహం. గుమ్మంలో చెప్పులు విప్పితే కుర్చీలోంచి ప్రశ్న రాలేదు. పేరమ్మకు అదే ఎక్కువ బాధగా ఉంది. మాటలన్నీ మధ్యవర్తి ద్వారానే.

"ఆవిడతో చెప్పరా, ఉప్పు ఎక్కువైందని."

"నీ పక్కనే కూర్చుందిగా అమ్మా."

"నాకు పక్క చూపు సరిగా లేదు. కళ్లద్దాల వాడివి, ఆ మాత్రం తెలియదా?"

ముద్ర దగ్గరపడుతోంది. పేరమ్మ ఆ జతను కట్టకుండా, విప్పకుండా పక్కన ఉంచింది. పెద్దాయన అడగలేదు. రోజూ ఆమె బల్ల ముందు నుంచి పోతూ కొంచెం నెమ్మదిస్తున్నాడు, అంతే.

ఒక ఉదయం ఆమె బయల్దేరుతుంటే పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది, చేతిలో సంచి.

"పలక ఉందా, తూకానికి వేసేశారా?"

"ఉందత్తయ్యా."

"పద."

*

పలకలు ఇప్పుడు ఆఫీసు నేలమాళిగలో ఉన్నాయి. ఇనుప బీరువాలు, పొడి గాలి, కాగితం తొడుగుల వాసన. అక్కడి కాపలా ఒక అమ్మాయి. తెల్లటి చేతి తొడుగులు వేసుకుని ఉంది.

"మీ పలకలు అదృష్టం చేసుకున్నాయండీ" అంది ఆ అమ్మాయి. "మిగతావాటి ఫోటోలు తీసేముందు సిరా అంతా తుడిచేశాం. ఈ రెండింటికీ అంచుల్లో పొర లేచిందని ముట్టుకోలేదు."

"సిరా తుడిచారా?" అంది పెద్దావిడ. "మేం రాసిందంతా?"

"సిరా కింద కూడా నక్షత్రాలుంటాయి కదండీ."

పెద్దావిడకు ఆ మాట నచ్చలేదు. తొడుగుల కోసం చెయ్యి చాపింది.

వెలుగు బల్ల మీద పలకను తనే పెట్టింది. పొర పైకి. అలాగే కదా నేర్పింది. కింది నుంచి వెలుగు వచ్చింది. నల్ల చుక్కలు ఇసుక జల్లినట్టు. మధ్యలో, గాజు వెనక నుంచి, ఒక చిన్న సిరా సున్నా కనిపించింది. దాని నుంచి ఒక బాణం. బాణం పక్కన ఒక అక్షరం.

అక్షరం తిరగబడి ఉంది, అద్దంలో చూసినట్టు.

ఆమె దాన్ని చదవడానికి మెడ వంచింది. ఆ మెడ అలాగే ఉండిపోయింది. తర్వాత రెండు చేతులతో పలకను ఎత్తి, నెమ్మదిగా, నిద్రపోతున్న పసిపాపను పక్కకు తిప్పి పడుకోబెట్టినట్టు, తిరగేసి పెట్టింది. ఇప్పుడు గాజు పైకి ఉంది. అక్షరం సరిగ్గా కనిపించింది. తూ. బాణం కుడి వైపుకు.

"ఇలా పెడితే కుడి చెయ్యి ఏ దిక్కు?" అని అడిగింది.

కోడలు చూపు బాణం మీదే ఉంది.

"అడుగుతున్నాను కదా. చెప్పు."

"పడమర, మేడమ్."

"నేనేం రాశాను?"

"తూర్పు."

పెద్దావిడ తల ఊపింది. పలక అంచు దగ్గర వేలు పెట్టింది, తాకకుండా. అక్కడ పొర ఎండిన ఆకులా లేచి ఉంది.

"అప్పటికే లేస్తోంది ఇది" అంది. "రెప్పలపెట్టె మెడ కిందికి దించితే పొరకు తగిలేది. గీసుకుపోతుందని తిరగేసి పెట్టాను. రెండో పలక కూడా తిరగేశాను, జంట కలవాలి కదా. ఇప్పుడు గుర్తొస్తోంది. పొర గురించే ఆలోచించాను. దిక్కు గురించి ఆలోచించలేదు."

"బాణం సరిగ్గానే వేశారత్తయ్యా. అది పోతున్న వైపుకే. అక్షరం ఒక్కటే..."

"ఓదార్చకు."

కాపలా అమ్మాయి మరో బీరువా దగ్గరికి వెళ్లి దేన్నో సర్దుతున్నట్టు నిలబడింది. పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్లీ పలక మీదికి వంగింది.

"బాణం సరిగ్గానే ఉందంటావా?"

"సరిగ్గా ఉంది."

"ఆ అక్షరం చూసే కదా వాళ్లంతా తూర్పుకి పోయి వెతికింది! పాపం, ఎన్ని రాత్రులు వెతికారో" అని, ఉన్నట్టుండి నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో. నేలమాళిగలో ఆ నవ్వు బీరువాలకు తగిలి తిరిగొచ్చింది. "తిట్టుకుని ఉంటారు నన్ను!"

"ఉంటారత్తయ్యా."

"నువ్వు?"

"భోజనం విరామాల్లో మాత్రమే."

*

పైగదిలోకి ఆమె రాగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. సందేహం తన కుర్చీ ఇచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పేరమ్మ తెర మీద గడుగ్గాయిని తెచ్చింది. ఒక్కో దాటు ఒక్కో చుక్క. చుక్కలన్నీ కలిపి ఒక గీత. అది తిన్నగా లేదు. పాము పోయినట్టు మెలికలు మెలికలుగా పడమటి వైపు పోతోంది.

పెద్దావిడ తెర మీద వేలు పెట్టింది. వేలిముద్ర పడుతుందని సందేహం కళ్లు మూసుకున్నాడు.

"ఈ వంకరేమిటి? తాగి నడిచినట్టు."

"అది ఊగు. మన భూమి తిరుగుతోంది కదా, అందువల్ల. దానిది కాదు."

"పలకల మీద ఇది కనిపించేది కాదు నాకు."

"కనిపించదు. చాలా చిన్నది. దీన్ని తీసేస్తే ఇదిగో, ఇలా ఉంటుంది." పేరమ్మ ఒక మీట నొక్కింది. మెలికలు పోయాయి. తిన్నటి గీత మిగిలింది.

ముసలి వేలు ఆ గీత వెంట వెనక్కి పోయింది. మొదటి చుక్క దగ్గర ఆగలేదు. చుక్కలు లేని చోటికి, తెర అంచుదాకా పోయింది. టెలిస్కోప్ పుట్టకముందు, కోడలు పుట్టకముందు.

"ఇక్కడుంది, నేను చూసినప్పుడు" అంది.

"అవునత్తయ్యా. సరిగ్గా అక్కడే."

"ఎంత దూరంలో ఉంటుంది?"

"దగ్గరే. నక్షత్రాల లెక్కలో పక్కింటివాళ్లే. ఊగు అంత ఎక్కువగా ఉందంటే అదే అర్థం."

పెద్దావిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"రాసుకో" అంది చివరికి. "పలక తిరగేసి పెట్టడం వల్ల కొలిచినామె పడమరను తూర్పు అని రాసింది. నక్షత్రం తప్పేమీ లేదు."

పేరమ్మ, పెద్దాయన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంత రాయడానికి చోటుండదండీ జాబితాలో" అన్నాడు పెద్దాయన. "ఒక్క అక్షరమే పడుతుంది. దిశ సవరించాం అనడానికి 'ది' అని ఒక గుర్తు ఉంది."

"నా జన్మంతటికీ ఒక్క అక్షరమా?"

"తప్పుకి ఒక్క అక్షరం. మీ నంబరు పూర్తిగా ఉంటుంది."

ఆమె ఆలోచించింది. "ఈ 'ది' ఇంకెవరికైనా పడిందా?"

సందేహం వంగి మీటలు నొక్కాడు. తెర నిండా వరుసలు వచ్చాయి. కిందికి జరిపాడు. ఇంకా వచ్చాయి. ఇంకా జరిపాడు.

"వీళ్లంతా పలకలు తిరగేసినవాళ్లేనా?"

"అయి ఉండొచ్చండీ."

పెద్దావిడ ఆ వరుసలను పెళ్లి పందిట్లో చుట్టాలను చూసినట్టు ఒక్కొక్కటిగా చూసింది. కొన్ని నంబర్ల దగ్గర ఆగి, వాటిని కొలిచినవాళ్లెవరో గుర్తుపట్టి, "ఓహో" అంది. ఒక చోట మాత్రం "వీడు కూడానా!" అని గట్టిగా అనేసి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెయ్యమంటారా అత్తయ్యా?"

"వెయ్యి."

పేరమ్మ వేసింది. పాత నంబరు కొత్త నక్షత్రం కిందికి వచ్చి చేరింది. దాని పక్కన చిన్న అక్షరం. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. సందేహం గోడ దగ్గర నుంచి చప్పట్లు కొట్టబోయి, సరిపోతుందో లేదోనని ఆగిపోయాడు.

"ఇప్పుడు కూడా పోతూనే ఉందా?" అని అడిగింది పెద్దావిడ.

"పోతూనే ఉంది."

"పడమటికే?"

"పడమటికే."

"పోనీ" అంది, సంచి అందుకుంటూ.